‘త్రీ ఇడియట్స్’ చూపించిన ఇంజనీరింగ్

పదో తరగతి తర్వాత ఏం చదవాలనే మాట వస్తే మా క్లాసులో సగం మంది ‘త్రీ ఇడియట్స్’ గురించే మాట్లాడతారు. 2009లో రాజ్‌కుమార్ హిరానీ తీసిన ఈ హిందీ సినిమానే శంకర్ 2012లో తమిళంలో ‘నన్బన్’గా తీశారు. అదే తెలుగులో ‘స్నేహితుడు’. హోసూరులో ఉండే మాకు మూడూ తెలుసు. నేను రాసేది హిందీ సినిమా గురించి.

ఇంజనీరింగ్ చదవాలనుకునే పిల్లలకు ఇది దారి చూపుతుందంటారు. నాకైతే సగం దారే కనిపించింది.

యంత్రం అంటే ఏమిటని ప్రొఫెసర్ అడిగితే, మనిషి శ్రమ తగ్గించేదేదైనా యంత్రమే అని రాంచో మామూలు మాటల్లో చెప్తాడు. ఆయనకు నచ్చదు. చతుర్ పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్తే మెచ్చుకుంటాడు. తెలుగు మీడియం వాళ్లకు ఈ సీను చాలా దగ్గర. ‘ఘర్షణ’ అన్నప్పుడు అర్థమైన పాఠమే ‘ఫ్రిక్షన్’ అనేసరికి కొత్తదైపోతుంది.

అయితే ఇదే సినిమా హిందీ సరిగా రాని చతుర్ చేత ఉపన్యాసం బట్టీ పట్టించి, రాంచో మాటలు మార్చేస్తే సభంతా నవ్వేలా చేస్తుంది. భాష రాక బట్టీ పట్టడం వేరు, ఆలోచించకుండా బట్టీ పట్టడం వేరు. సినిమా రెండింటినీ ఒకే గంపలో వేసింది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, రేపు కాలేజీలో ఇంగ్లీషు. మనకు ఆ తేడా చిన్నది కాదు.

ఇంజనీరు పని నిజంగా కనిపించేది కాన్పు సీనులోనే. వాన, కరెంటు లేదు. కార్ల బ్యాటరీలు, ఇన్వర్టరు, వాక్యూమ్ క్లీనరు, చేతికి దొరికినవన్నీ కలిపి పని జరిపిస్తారు. (డాక్టర్లు ఒప్పుకుంటారో లేదో!) ఇలాంటి సీన్లు ఇంకో రెండు ఉండుంటే బాగుండేది.

ఫర్హాన్ ఇంజనీరింగ్ వదిలి ఫొటోలు తీయడానికి పోతాడు. ఇంట్లో ఉన్న ఒక్క ఏసీ వాడి గదిలోనే పెట్టిన నాయన వాడిది. మా నాయన సినిమా చూసి, “ఆయప్పకు జీతమెంత?” అని అడిగాడు. ఆ ప్రశ్న అడగాల్సింది రాజు ఇంట్లో. మంచంలో తండ్రి, పెళ్లి కావాల్సిన అక్క, కట్నంగా మారుతి కారు. ఆ ఇంటినేమో పాతకాలపు నలుపు తెలుపు సినిమాలా చూపించి నవ్వించారు. నాకు బాగా కోపం తెప్పించిన చోటు ఇదే. ఆ ఇంట్లో ఉద్యోగం భయం కాదు, బియ్యం.

పైగా సినిమాలో ఒక్కటే పెద్ద కాలేజీ, ఒక్కటే గేటు. బయట అట్లా లేదు. పదో తరగతి తర్వాత మూడేళ్ల పాలిటెక్నిక్ డిప్లొమా చేసి నేరుగా బీఈ రెండో ఏడాదిలో చేరవచ్చు. తమిళనాడులో 6 నుంచి 12 దాకా సర్కారు బడిలో చదివినవాళ్లకు ఇంజనీరింగ్ సీట్లలో 7.5 శాతం కేటాయింపు ఉంది. డిప్లొమాకు పోతే చేతికి పని త్వరగా వస్తుంది, ప్లస్ టూకు పోతే ఈ కేటాయింపు దొరుకుతుంది. రిజల్టు వచ్చేలోపు నేనూ మా నాయనా ఏదో ఒకటి తేల్చుకోవాలి.