పూలతో అమ్మాయిని గీసినవాళ్లు

వేల్స్ పాత కథల గుచ్ఛమైన మాబినోగిలో బ్లొడైవెద్ అనే అమ్మాయి ఉంది. ఓక్, బ్రూమ్, మెడోస్వీట్ పూలు కలిపి ఇద్దరు మాంత్రికులు ఆమెకు ప్రాణం పోశారు. కట్టుకున్నవాణ్ని చంపించబోయినందుకు చివరికి గుడ్లగూబ అయిపోతుంది. ఈ కథను నటీనటులతో తీసేవారికి ఆ రెండు చోట్లా ఏదో ఒక కనికట్టు చేయక తప్పదు. బొమ్మలు గీసేవాడికి ఆ అవస్థ లేదు. పూరేకు చెంపవుతుంది, చెంప ఈకవుతుంది, మధ్యలో అతుకే కనిపించదు. మాబినోగి కథలు యానిమేషన్ కోసమే పుట్టాయని నా గట్టి నమ్మకం.

ఈ కథలు పద్నాలుగో శతాబ్దం నాటి రాతప్రతుల్లో మిగిలాయి. అంతకు చాలా ముందు నుంచే నోటినోటా తిరిగాయంటారు. వాటిని 2003లో డెరెక్ హేస్ పూర్తి నిడివి సినిమాగా తీశాడు. ఇంగ్లిష్‌లో దాని పేరు 'అదర్‌వరల్డ్'. ముగ్గురు కుర్రాళ్లు మామూలు మనుషులుగానే కనిపిస్తూ సముద్రంలోకి దూకుతారు, ఆ నీటి అడుగున గీసిన బొమ్మలవుతారు. ఆ ఒక్క మలుపు చాలు, హేస్ ఎంతటివాడో తెలియడానికి!

సంగీతం జాన్ కేల్‌ది. వెల్వెట్ అండర్‌గ్రౌండ్ అనే బ్యాండులో వయోలా వాయించి ప్రపంచాన్ని ఉలిక్కిపడేలా చేసిన కేల్, చిన్నప్పుడు వేల్స్‌లోని గార్నంట్‌లో అమ్మ దగ్గర వెల్ష్ మాట్లాడుతూ పెరిగినవాడు. ఈ కథలకు ఇంతకన్నా తగిన సంగీతకారుడు దొరకడు. మాబినోగిలోనే ఉన్న బ్రాన్వెన్ కథలో ఒక కొప్పెర ఉంది. చచ్చిన సైనికుల్ని అందులో వేస్తే మర్నాటికి లేచి యుద్ధానికొస్తారు, కానీ మాట ఉండదు. అలాంటి మూగవాళ్ల తరఫున మాట్లాడవలసింది సంగీతమే.

బొమ్మల సినిమా పనిలో ముందు పుట్టేది గొంతు. దాన్ని రికార్డు చేసి, ఏ అక్షరం ఏ ఫ్రేములో పడుతుందో పట్టీ రాసుకుంటారు. సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలిపినా నిమిషానికి 720 బొమ్మలు గీయాలి. ముఖ్యమైన భంగిమలు చేయి తిరిగినవాళ్లు గీస్తే, మధ్యవి మిగతావాళ్లు నింపుతారు. 1992లో సిరియోల్ స్టూడియో డిలన్ థామస్ రేడియో నాటకం 'అండర్ మిల్క్ వుడ్'ను రిచర్డ్ బర్టన్ గొంతు మీదే బొమ్మలుగా తీసింది. చెవి కోసం రాసిన ఆ నాటకంలో మాటే బొమ్మ కట్టేస్తుంది, దాన్నే మళ్లీ గీస్తే దండగ. మాట ఆగిన చోట కన్ను ఏం చూడాలో తెలిసినవాడే ఇక్కడ గురువు. కార్డిఫ్‌లో పనిచేసే జోవానా క్విన్ పెన్సిలు గీత చూడండి, నిలబడ్డ మనిషిలో కూడా ఊపిరి ఆడుతుంటుంది. ఆవిడకు సాటి నాకెవరూ కనిపించరు.

ఇలాంటి సినిమాను గ్యాలరీలో ఇన్‌స్టలేషన్‌గా పెడితే లెక్క మారుతుంది. చూసేవాడు ఏ క్షణానైనా లోపలికొస్తాడు, ఏ క్షణానైనా వెళ్లిపోతాడు. కాబట్టి సంగీతానికి మొదలూ తుదీ వినపడకూడదు. ఎక్కడ అందుకున్నా కథ పట్టుబడాలి. ఈ పని అందరికీ చేతకాదు.

వేల్స్‌లో ఈ బొమ్మల సినిమాలు వచ్చాయంటే అది ఎస్‌ఫోర్‌సీ అనే వెల్ష్ చానల్ పుణ్యం. వెల్ష్ జాతీయవాద నాయకుడు గ్విన్‌వర్ ఎవన్స్ ఆమరణ దీక్షకు దిగుతానన్నాకే లండన్ దిగొచ్చి, 1982లో ఆ చానల్ ఇచ్చింది. 2010లో మళ్లీ అదే లండన్ దాని నిధుల్ని నిర్దాక్షిణ్యంగా కోసేసింది. డబ్బు పోతే ముందు పోయేది ఓపికగా చేసే పనే కదా! ఇప్పుడు కోటగోడల మీద నాలుగు రంగుల దీపాలు తిప్పి, ఎక్కడో కొన్న హార్ప్ ముక్కను పదేపదే వాయించి 'మాబినోగి అనుభవం' అంటున్నారు. మాట చెబితే బొమ్మ తీసే యంత్రాలు బ్లొడైవెద్‌ను సబ్బు ప్రకటనలో పిల్లలా దింపుతున్నాయి. ఆ పూలు ఏవో వాటికి తెలియదు, తెలుసుకోవాలన్న బెంగా లేదు. ఇది దొంగసొత్తు కన్నా హీనం.

చూసేవాళ్లు అడగకపోతే చేసేవాళ్లు మిగలరు. 'అదర్‌వరల్డ్' ఎక్కడ దొరికినా వెల్ష్ గొంతులతోనే చూడండి, అర్థం కాకపోతే కింద అక్షరాలు చదువుకోండి. నచ్చితే మీ ఊరి ఫిల్మ్ క్లబ్బులో వేయమని పట్టుబట్టండి.