పూజగదిలో మిగిలిపోయిన లేఖలు

సూరి నాగమ్మ గారి 'శ్రీ రమణాశ్రమ లేఖలు' హోసూరులోనూ కృష్ణగిరిలోనూ నేనెరిగిన నాలుగైదు తెలుగు ఇళ్లలో ఉన్నాయి. అన్నిచోట్లా పూజగదిలోనే, అట్టమీద కుంకుమ మరకలతో. కథల పుస్తకాల పక్కన పెట్టినవారు ఒక్కరూ లేరు. భక్తి గ్రంథాన్ని సాహిత్యంగా చూడడం అపచారమని కొందరి భావన. సాహిత్యంలో భక్తి గ్రంథానికి చోటేమిటని మరి కొందరి ప్రశ్న. వీరిద్దరి మధ్య ఒక మంచి తెలుగు వచనం చదివే దిక్కులేక పడి ఉందన్నదే నా ఫిర్యాదు.

నేనూ ఈ పుస్తకం దగ్గరికి సాహిత్యాభిమానంతో రాలేదు, నిద్ర పట్టక వచ్చాను. రిటైరైన ఏడాది రక్తపోటు బయటపడింది. డాక్టరు గారు మాత్రలు రాసిచ్చి, యోగా కూడా చేయమన్నారు. హోసూరులో ఒక క్లాసులో చేరాను. ఊపిరి పీల్చి నాలుగు, వదిలి ఆరు లెక్కపెట్టించారు. నడుము బిగువు తగ్గింది, కాదనను. కాని లెక్క అయిపోగానే కొడుకు ఇంటి అప్పు, కూతురి బదిలీ మళ్లీ వచ్చి ఎదుట కూర్చునేవి. అప్పుడొక మిత్రుడు 'నేనెవరు?' అనే చిన్న పుస్తకం చేతికిచ్చాడు. 1901-02 ప్రాంతంలో శివప్రకాశం పిళ్లై అనే రెవెన్యూ ఉద్యోగి అడిగిన ప్రశ్నలకు, అప్పట్లో మౌనంగా ఉండిన రమణ మహర్షి రాసి చూపిన జవాబులే దానికి మూలం. ప్రాణాయామం మనసును అణచడానికి సాయమే గాని, ఊపిరి అదుపులో ఉన్నంతసేపే మనసూ అదుపులో ఉంటుందని అందులో ఉంది. నియమాలన్నింటిలోకీ మితమైన సాత్త్వికాహారం మేలని కూడా ఉంది. నా క్లాసులో జరుగుతున్నదేమిటో అప్పుడు తెలిసివచ్చింది. అయితే తెలిసినదాన్ని రోజులో ఎక్కడ ఇముడ్చుకోవాలో తెలియలేదు. అది తెలిసింది ఈ లేఖల్లోనే. (మాత్రలు మానలేదు లెండి.)

నాగమ్మ గారు 1902లో గుంటూరు జిల్లా కొలనుకొండలో పుట్టారు. చిన్నతనంలోనే తల్లీతండ్రీ పోయారు, బాల్యంలోనే వైధవ్యం. ఇంటిపట్టున నేర్చుకున్న చదువే ఆమె చదువు. 1941లో తిరువణ్ణామలై చేరి, 1945 నవంబరు మొదలు 1950 దాకా అన్నగారైన డి.ఎస్. శాస్త్రికి ఆశ్రమ విశేషాలు రాస్తూ వచ్చారు. అన్నకు రాసిన ఉత్తరాలు కావడమే వీటి బలం. అన్నకు చెల్లెలు ఉపన్యాసం ఇవ్వదు గదా! ఏ పూట ఎవరు వచ్చారు, ఏమడిగారు, మహర్షి ఏమన్నారు, పక్కనున్నవారు ఎందుకు నవ్వారు, ఇదే వరస. ధ్యానం ఎలా చేయాలని అడిగినవాడికి ఆసనమో మంత్రమో చెప్పరాయన. అడిగే ఆ 'నేను' ఎవరో చూడమని ప్రశ్నను అడిగినవాడి మీదికే తిప్పుతారు. అదే మనిషి తెల్లవారుజామున వంటింట్లో కూరలు తరుగుతారు. కోతికీ ఉడతకూ పప్పులు పంచుతారు. అందరికీ వడ్డించనిది తనకు వద్దంటారు. ఈ రెంటినీ నాగమ్మ గారు ఒకే గొంతుతో చెబుతారు. తత్త్వం వచ్చినప్పుడు భాష బరువెక్కదు, కూర దగ్గర పలచబడదు. ఆమె శైలిలోని ఈ సమత్వమే నాకు ధ్యానపాఠమయింది. లెక్కపెట్టే సమయంలో దొరకనిది బియ్యం ఏరే సమయంలో దొరకవచ్చునని నాకు వేరెవరూ చెప్పలేదు.

ఆవు లక్ష్మి గురించి రాసినవి చూడండి. 1926లో దూడగా ఆశ్రమానికి వచ్చిన ఆ ఆవు 1948 జూన్ 18న చనిపోయింది. చివరి గడియల్లో మహర్షి గోశాలలో దాని పక్కన కూర్చుని, తలమీద చెయ్యి ఉంచారు. కన్నీళ్లు పెట్టించడానికి ఇంతకంటే అనువైన సందర్భం ఉండదు. ఆమె ఆ దారి పట్టరు. ఎక్కడ కూర్చున్నారో, చెయ్యి ఎక్కడ ఉంచారో చెప్పి ఊరుకుంటారు. దుఃఖం మన వంతు.

లోపాలు లేవనను. వరసబెట్టి చదివితే భక్తి విశేషణాలు విసుగు పుట్టిస్తాయి. అంతకంటే పెద్ద లోటు మరొకటి. మహర్షి తమిళులు, తెలుగు కూడా బాగా నేర్చినవారు. ముప్పై పద్యాల 'ఉపదేశసారా'న్ని తమిళంలో రాసి, తామే తెలుగులోకీ సంస్కృతంలోకీ మలయాళంలోకీ తెచ్చారు. అటువంటి మనిషి ఏ మాట తమిళంలో అన్నారో, ఏది తెలుగులోనే అన్నారో లేఖల్లో చాలాచోట్ల తేల్చుకోలేం. అంతా చక్కని తెలుగయిపోయింది. రెండు భాషల మధ్య బతికే మనబోటి వారికి ఆ అతుకు కనిపించి ఉంటే ఎంత బాగుండేది!

1950లో చలం అక్కడికే వచ్చి, 1979లో పోయేదాకా ఉండిపోయారు. ఆయన అరుణాచలం గురించి తెలుగు సాహిత్యంలో ఎన్నో చర్చలు. ఆయన గొంతు పెద్దది, తన 'నేను'తో చేసే పోరాటమంతా వాక్యంలో వినిపిస్తుంది. నాగమ్మ గారి వాక్యంలో ఆమె కనిపించరు. కనిపించని రచయిత్రిని విమర్శకులు చూడలేదు. ఇందులో ఆడవారి ఉత్తరాలంటే ఉన్న చులకన కూడా కొంత ఉందని నా అనుమానం.

పౌర్ణమికి హోసూరు నుంచి, కృష్ణగిరి నుంచి గిరిప్రదక్షిణానికి జనం బస్సుల్లో కిక్కిరిసి వెళ్తారు. ఊత్తంగరై, చెంగం మీదుగా కృష్ణగిరికి 100 కిలోమీటర్ల పైచిలుకు. ఆ కొండ కింద ఇంత తెలుగు పుట్టిందని ఆ బస్సులో ఎందరికి తెలుసో. 2006 చట్టం తరువాత మన పిల్లలకు బడిలో తమిళం తప్పనిసరి అయింది. తమిళం రావడం మంచిదే. తెలుగు చదవడమే సన్నగిల్లుతోంది. పదో తరగతి చదివే మా మనవరాలు ఒత్తుల దగ్గర ఆగి ఆగి చదువుతుంది. పెద్ద అక్షరాలతో, ఊర్ల పేర్లకూ మనుషులకూ చిన్న వివరణలతో ఒక ఎంపిక సంపుటం వస్తే ఆ పిల్లకూ, కళ్లజోడు మార్చుకోలేని నాకూ పనికొస్తుంది.

మొన్న ఆ పిల్ల చేత లక్ష్మి సంగతి చదివించాను. ఎదురింటి అవ్వ అరుగుమీద కూర్చుని విన్నది. అవ్వకు అక్షరం రాదు, జీవితమంతా పాలావులతోనే గడిచింది. చదవడం ముగిశాక కాసేపు పలకలేదు.

"తలమీద చెయ్యి పెట్న్యాడంటే సరే నాయనా, దానికి పిల్లలుండెనా? వాటినెవరు చూసిరో ఆయమ్మ రాసిందా?" అని అడిగింది. మనవరాలు పుటలు వెనక్కి తిప్పి వెతకసాగింది.