వెండి రేణువు, నాలుగు పనులు

“కాన్సరు కణములను చంపు వెండి రేణువులను ఆకురసముతో చేయుదురట గదా! అట్లయిన ఆ రసమునే త్రాగరాదా?” అని మా విద్యార్థి యొకడు నన్నడిగినాడు. వాని ఇంటిలో ఒకరు రాచపుండు చికిత్సకై కలువాయి నుండి చెన్నైకి తిరుగుచున్నారు. కనుక ఈ ప్రశ్నను నవ్వి త్రోసివేయుటకు వీలులేదు.

వాడు విన్న పరిశోధన మన హైదరాబాదులో జరిగినదే. భారతీయ రసాయన సాంకేతిక సంస్థకు చెందిన సుదీప్ ముఖర్జీ, చిత్తరంజన్ పాత్రా మొదలగువారు 2014లో ‘థెరనోస్టిక్స్’ అను పత్రికలో దీనిని ప్రకటించిరి. ఒలాక్స్ స్కాండెన్స్ అను మొక్క ఆకుల రసము వెండి అయానులను లోహముగా మార్చును. ఇది పదవ తరగతిలో చెప్పు క్షయకరణమే. ఇట్లేర్పడు రేణువుల పరిమాణమును నానోమీటర్లలో, అనగా మీటరులో నూరుకోట్లవ వంతులలో, కొలువవలెను. పనిచేయునది ఈ వెండి రేణువు. రసములో వెండి లేదు. కనుక రసము త్రాగుట కీ పత్రము సాక్ష్యము కాజాలదు.

రేణువులను తయారుచేసిన పద్ధతి సులభము, మెచ్చదగినది. అయితే రచయితలు దీనికి ‘ఒకదానిలో నాలుగు’ అను బిరుదు తగిలించిరి: బాక్టీరియాను చంపుట, కాన్సరు కణములను చంపుట, మందును మోయుట, ఎర్రని కాంతితో జాడ తెలుపుట. నా ఆక్షేపణ ఈ బిరుదు మీదనే. మూడవ పని ముందుముందు కాగలదను ఆశ మాత్రమే. సాధారణ కణములకు హాని కలుగలేదు గనుక మందును మోయుటకు పనికివచ్చునని ఊహించిరి.

ఆ సాధారణ కణము లెవ్వి? ఎలుక గుండెవి, చిట్టెలుక అండాశయమువి, మానవుని బొడ్డుత్రాడు రక్తనాళమువి. చచ్చిన కాన్సరు కణములో? మానవుని ఊపిరితిత్తివి, రొమ్మువి, చుండెలుక చర్మమువి. ఊపిరితిత్తి కాన్సరు కణము ప్రక్కన ఆరోగ్యవంతమైన ఊపిరితిత్తి కణమును పెట్టి చూపినగాని, రేణువు కాన్సరునే ఏరి చంపునని నమ్ముట కష్టము.

పైగా ఇవి పాత్రలో పెంచిన కణములు. రేణువును నేరుగా వాటిపై పోయవచ్చును. దేహములో నట్లు గాదు. సోమశిలలో నీరు వదలినంత మాత్రమున చివరి ఆయకట్టు తడియునా? కెనడాలోని టొరంటో పరిశోధకులు అంతకు ముందరి పదేండ్ల ప్రయోగములను కూడదీసి 2016లో లెక్కకట్టిరి: జంతువుల రక్తములోని కెక్కించిన సూక్ష్మరేణువులలో కణితిని చేరినది, మధ్యగత విలువగా, 0.7 శాతమే. చాలభాగమును కాలేయము, ప్లీహము పట్టివేయును.

ఎర్రని కాంతి సంగతి మరియొకటి. సూక్ష్మదర్శినిలో నది చక్కగానే కనబడును; రొమ్ముగూటిలో లోతుననున్న కణితి నుండి బయటకు రాలేదు. మాంసము, నెత్తురు దానిని మ్రింగివేయును.

రోగులకు నిజముగా అందిన సూక్ష్మరేణు వొకటి చెప్పెదను. 1995లో అమెరికాలో అనుమతి పొందిన డాక్సిల్‌లో డాక్సోరుబిసిన్ అను పాత మందునే సన్నని కొవ్వు సంచులలో నింపిరి. దాని ముఖ్యలాభము గుండెకు హాని తగ్గుట. ఆయుర్దాయము విశేషముగా పెరిగినదని కాదు. మీవారి మందుల చీటీలో నీ పేరున్నదేమో చూచి రమ్మని ఆ విద్యార్థితో చెప్పితిని.