ఎవరి దేహానికి ఎవరు గవాహీ?

అస్తిత్వం గురించి మాట్లాడేటప్పుడు మనం మతం అంటాం, కులం అంటాం, భాష అంటాం. దేహం దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గిస్తాం. సెక్యులర్ మిత్రులూ అంతే, మన జమాత్ పెద్దలూ అంతే. ఈ మౌనాన్ని కదిలించే పుస్తకం మైకేల్ డిల్లన్ ఆత్మకథ 'అవుటాఫ్ ది ఆర్డినరీ'. 1962లో రాసి ముగించిన ఈ పుస్తకం అచ్చు కావడానికి యాభై ఏళ్లు దాటింది. రాతప్రతిని తగలబెట్టాలని సొంత అన్నే కోరాడు.

డిల్లన్ 1915లో లండన్‌లో పుట్టాడు. రికార్డులో ఆడపిల్ల. టెస్టోస్టిరాన్‌ను ప్రయోగశాలలో తయారు చేసింది 1935లో. నాలుగేళ్లు తిరక్కుండానే, 1939లో, బ్రిస్టల్‌లో ఒక డాక్టరు ద్వారా ఆ మాత్రలు అతని చేతికొచ్చాయి. ఈ మందు గొంతును బొంగురు చేస్తుంది. గడ్డం మొలిపిస్తుంది. నెలసరిని ఆపేస్తుంది. రాత్రికి రాత్రి కాదు, నెలల తరబడి. ఈలోగా వైద్యుల నోటి నుంచే రహస్యం పొక్కింది. డిల్లన్ ఊళ్లోనే ఒక గరాజులో పనికి కుదిరాడు. తోటి పనివాళ్ల వెక్కిరింపుల మధ్యనే అతని గొంతు మారింది. 1944లో జనన రికార్డు మార్పించుకున్నాడు. 1946 నుంచి 1949 దాకా సర్ హెరాల్డ్ గిలీస్ చేతిలో పదమూడు ఆపరేషన్లకు ఓర్చుకున్నాడు. తానూ డాక్టరయ్యాడు.

దీన్ని వైద్య చమత్కారంగా చదివితే పుస్తకం చేజారిపోతుంది. మందు దేహాన్ని మార్చగలిగింది. లోకం చూపును మార్చలేకపోయింది. డిల్లన్ అన్న వంశానికి బారొనెట్ బిరుదుండేది. ప్రభువంశాల వివరాలు చెప్పే రెండు గ్రంథాల్లో ఒకటి డిల్లన్‌ను తమ్ముడంది, రెండోది చెల్లెలంది. 1958లో పత్రికలు ఆ తేడా పట్టుకుని వెంటపడ్డాయి. ఓడలో డాక్టరుగా ఉన్న మనిషి ఆ కొలువు వదిలి ఇండియా వచ్చాడు. కళింపాంగ్, సారనాథ్, లడఖ్. బౌద్ధం పుచ్చుకున్నాడు, జీవక అని పేరు పెట్టుకున్నాడు. అక్కడా అదే సవాలు. వినయ నియమాలు చూపించి పూర్తి భిక్షువు కానివ్వలేదు. సమానత్వం చెప్పే ధర్మం కూడా గడప దగ్గర దేహాన్ని తడిమి చూసింది.

ఇక్కడ ఈ పుస్తకం మనదవుతుంది. నువ్వెవరో నువ్వు చెబితే చాలదు, ఇంకెవరో గవాహీ ఇవ్వాలి. ఈ మాట ముస్లింకి కొత్తా? దేశభక్తికి రుజువు, పుట్టుకకు రుజువు, ఆఖరికి వంటింట్లో మాంసానికీ రుజువు!

అయితే పుస్తకానికి హద్దులున్నాయి. మొదటి భాగానికి 'దేహం మీద విజయం' అని, రెండో దానికి 'మనసు మీద విజయం' అని అర్థమొచ్చే పేర్లు పెట్టాడు. దేహాన్ని గెలవాల్సిన రాజ్యంగా చూడటం సామ్రాజ్యం నేర్పిన భాషే. ఆక్స్‌ఫర్డ్ చదువూ, పెద్దింటి పుట్టుకా తనకు ఎన్ని తలుపులు తీశాయో అతను తగినంత లెక్క కట్టలేదు. పాతబస్తీలోనో, కర్నూలులోనో ఇదే వేదన పడే పేదింటి మనిషికి గిలీస్ దొరకడు.

మన లెక్కా చూసుకుందాం. నిజాం రాజ్యంలో 1919లో చేసిన చట్టం హిజ్రాల పేర్లు రిజిస్టరులోకి ఎక్కించమంది. బహిరంగంగా ఆడవేషంలో కనబడితే వారంటు లేకుండా పట్టుకోమంది. దాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023లో! ఇరాన్‌లో ఖొమైనీ 1980లలో ఫత్వా ఇచ్చి దేహమార్పిడికి దారి తెరిచాడు, కానీ అక్కడా డాక్టరు కాగితం, కోర్టు కాగితం కావాలి. మన సుప్రీంకోర్టు 2014లో ఎవరి జెండర్ వాళ్లే చెప్పుకోవచ్చంది. 2019 చట్టం జిల్లా మేజిస్ట్రేటు సర్టిఫికెట్ తెమ్మంది. మళ్లీ గవాహీయే!

డిల్లన్ 1962 మే 15న డల్హౌసీలో చనిపోయాడు. వయసు 47. పుస్తకం మీద ఆ రెండు పేర్లూ ఉన్నాయి, డిల్లన్ అనీ, జీవక అనీ. రెండూ అతనివే. మా పహచాన్ మేమే చెప్పుకుంటాం అని గొంతెత్తిన మనం, మన గల్లీలో మరొకరు అదే మాటంటే గవాహీ ఏదని అడగొద్దు. అడిగితే మన పోరాటం సగమే.