పుండును నొప్పించని పోగు

కట్టు మంచిదో కాదో వేసేటప్పుడు తెలియదు, విప్పేటప్పుడే తెలుస్తుంది. మామూలు గాజ్ గుడ్డ రసిని పీల్చుకుని, ఆరి, పుండుకు కరుచుకుపోతుంది. సెలైన్ పోసి తడిపి ఎంత మెల్లగా లాగినా, కింద అప్పుడే కడుతున్న లేత పొర కొంత దాంతోపాటు ఊడి వస్తుంది. మళ్లీ నెత్తురు, మళ్లీ మంట. మానే పుండు రెండడుగులు వెనక్కి పోతుంది.

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం దాకా అడవి అంచున ఉన్న పల్లెల్లో ఇది చిన్న విషయం కాదు. పత్తి చేలో, మిర్చి తోటలో తగిలిన దెబ్బలు, పొయ్యి దగ్గర కాలిన గాయాలు, రక్తపింజరి కాటేశాక కుళ్లిపోయే కండ, నెలల తరబడి మానని షుగర్ పుండ్లు. కట్టు మార్పించుకోవడానికి ఆసుపత్రికి వెళ్లొస్తే ఆ రోజు కూలి పోయినట్టే. అలాంటి చోట రోజూ మార్చాల్సిన కట్టుకూ, రెండు మూడు రోజులు నిశ్చింతగా ఉంచగల కట్టుకూ ఉన్న తేడా బతుకుకే తగులుతుంది. ఆ తేడాను తెచ్చేది పోగు పనితనం.

గాయాన్ని ఆరబెట్టాలని, పక్కు కడితేనే మానుతుందని మన పెద్దలు నమ్మారు. చాలాకాలం డాక్టర్లూ నమ్మారు. 1962లో జార్జ్ వింటర్ అనే శాస్త్రవేత్త పంది పిల్లల చర్మం మీద చిన్న గాయాలు చేసి, కొన్నింటిని గాలికి వదిలి, కొన్నింటిని పలుచని పాలిథీన్ పొరతో కప్పి చూశాడు. కప్పి తడిగా ఉంచిన గాయాల మీద కొత్త చర్మం దాదాపు రెట్టింపు వేగంతో పాకింది. కారణం తేలికే. చర్మ కణాలు గాయం అంచుల నుంచి పాకుతూ వచ్చి కలుసుకోవాలి. తడి నేల మీద సులువుగా పాకుతాయి. పక్కు అడ్డొస్తే దాని కిందికి దిగి, తడి దొరికేదాకా తవ్వుకుంటూ పోవాలి. అయితే తడి మితిమీరినా చేటే, చుట్టూ ఉన్న మంచి చర్మం నాని తెల్లబడి చెడుతుంది. కాబట్టి మంచి కట్టు ఎక్కువైన రసిని తాగాలి, కావలసిన చెమ్మను మిగల్చాలి, క్రిములను ఆపాలి, ఆవిరిని పోనివ్వాలి, చివరికి నొప్పి లేకుండా రావాలి. ఇన్ని పనులు ఒక్క పోగుతో చేయించడమే ఇక్కడి విద్య.

ఆల్జినేట్ కట్టును దగ్గరగా చూడండి. చూడ్డానికి పొడిగా, తెల్లగా, దూది పరుపులా ఉంటుంది. దీని ముడిసరుకు సముద్రపు నాచు. గోధుమరంగు నాచు నుంచి తీసిన సోడియం ఆల్జినేట్ ద్రావణాన్ని సన్నని రంధ్రాల గుండా కాల్షియం క్లోరైడ్ తొట్టిలోకి వదిలితే, తగిలీ తగలగానే గట్టిపడి పోగవుతుంది. అసలు నేర్పు పుండు మీద పెట్టాక బయటపడుతుంది. రసిలోని సోడియం పోగులోకి వెళ్తుంది, పోగులోని కాల్షియం బయటికి వస్తుంది. ఈ మార్పిడితో ఒక్కొక్క పోగూ నానిన సబ్జా గింజలా ఉబ్బి, జిగురు జిగురుగా పుండంతా పరుచుకుంటుంది. తన బరువుకు పదిహేను, ఇరవై రెట్ల రసిని పట్టగలదు. బయటికొచ్చిన కాల్షియం నెత్తురు గడ్డకట్టడానికి సాయపడుతుంది. విప్పేటప్పుడు సెలైన్‌తో కడిగితే చాలు, జారి వస్తుంది, లాగే పనే ఉండదు. రసి కారే పుండుకే ఇది తగినది. పొడి పుండు మీద పెడితే ఉన్న చెమ్మనూ లాగేస్తుంది. ఏ పుండుకు ఏ పోగో తెలిసిన నర్సు చేతిలోనే దీని గొప్పతనం నిలుస్తుంది.

ఇక మన గోదావరి అడవి ఇచ్చే పోగు దసలి పట్టు. ఎగువన మహదేవపూర్, చెన్నూరు అడవుల్లో మద్ది చెట్ల మీద ఈ పురుగులను పెంచుతారు. మల్బరీ పురుగులాగా ఇంట్లో తట్టల్లో పెరిగేది కాదిది. ఎండావానా దానివే, కాకి, చీమ, కందిరీగల బెడదా దానిదే. పట్టుకాయ కొమ్మకు కాడతో వేలాడుతుంది. ఆ కాడ చివర పురుగు తానే ఒక ఉంగరం అల్లి కొమ్మ చుట్టూ బిగిస్తుంది. గోడ గట్టిగా ఉంటుంది, అయినా ఊపిరాడుతుంది. లోపలి ప్యూపా నెలల కొద్దీ ఎండలను అందులోనే దాటుతుంది. లోపలి ప్రాణాన్ని ఎండనివ్వకుండా, ఊపిరి ఆపకుండా కాపాడే ఈ గూడు చేసే పనినే మనిషి కట్టు నుంచి ఆశిస్తున్నాడు.

దసలి పోగులో ఫైబ్రాయిన్ అనే ప్రొటీన్‌తో అయిన రెండు సన్నని దారాలు ఉంటాయి, వాటిని సెరిసిన్ అనే బంక కలిపి ఉంచుతుంది. మల్బరీ పట్టులో లేని ఒక విశేషం ఈ ఫైబ్రాయిన్‌లో ఉంది. ఆర్జినిన్, గ్లైసిన్, ఆస్పార్టిక్ ఆమ్లం అనే మూడు అమైనో ఆమ్లాలు అదే వరసలో వస్తాయి. మన కణాలు చుట్టూ ఉన్న పదార్థాన్ని పట్టుకునేది ఆ వరస దగ్గరే అని 1984లో పియర్స్‌బాకర్, రూస్లాటి అనే శాస్త్రవేత్తలు చూపించారు. అంటే మద్ది ఆకు తిన్న పురుగు కట్టిన దారంలో, మనిషి చర్మ కణానికి పట్టు దొరికే చోటు ముందే ఉంది. ఐఐటీ ఖరగ్‌పూర్‌లో సుభాష్ కుందు బృందం దీని మీద ఏళ్ల తరబడి పనిచేసింది. మల్బరీ పట్టును లిథియం బ్రోమైడ్‌లో కరిగించవచ్చు, దసలి కాయ అలా లొంగదు. అందుకని వాళ్లు కాయ కట్టబోయే పురుగు పట్టు గ్రంథి నుంచే ఫైబ్రాయిన్ తీశారు. పట్టు ప్రొటీన్ కట్లు ఇప్పటికే మన దేశంలో తయారవుతున్నాయి. బెంగళూరులోని ఫైబ్రోహీల్ సంస్థ వాటిని చేస్తోంది.

చర్మం తానూ పోగుల అల్లికే. అందులో ఎక్కువ భాగం కొలాజెన్. దాని మూడు పేటల మెలికను 1954లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా విప్పి చెప్పారు. ఆ పక్కనే ఉన్న కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థకు తర్వాత మన యలవర్తి నాయుడమ్మ డైరెక్టరయ్యారు. తోలుకు పేరుపడ్డ ఆ సంస్థ పశువుల కొలాజెన్‌తో కాలిన గాయాలకు పలుచని పొరలు చేసే విద్యనూ సాధించింది. చర్మపు కొలాజెన్ పోగుల సన్నదనానికి చేరడానికి ఇప్పుడు ఎలక్ట్రోస్పిన్నింగ్ ఉంది. సిరంజి కొసన ద్రావణపు బొట్టుకు వేల వోల్టుల విద్యుత్తు ఇస్తే, బొట్టు మొనదేలి, దాని కొస నుంచి సన్నని ధార చిమ్మి, గాలిలో కొరడాలా ఊగుతూ ఆరి, కొన్ని వందల నానోమీటర్ల పోగై పడుతుంది. తల వెంట్రుక మందం అంతకు వందల రెట్లు. ఇలాంటి అల్లికలో సందులు ఎంత చిన్నవంటే గాలి, ఆవిరి తిరుగుతాయి, బాక్టీరియా మాత్రం దూరలేదు. కంది దగ్గరి ఐఐటీ హైదరాబాద్‌లో ఈ పద్ధతితోనే జెలటిన్ నానోపోగులు తీసి, కాలా అజార్ జబ్బుకు వాడే మందును నింపి, నెమ్మదిగా వదిలే మాత్ర చేశారు. పోగులో మందు దాచి మెల్లగా విడిపించడం గాయాల కట్టుకూ పనికొచ్చే నేర్పే.

పోగు ఎంత గొప్పదైనా పుండును మాన్పేది ఒంటి శక్తే. చచ్చిన కండ తీసేయాలి, చీముకు మందు పడాలి, షుగర్ అదుపులో ఉండాలి, పాదం మీద బరువు తగ్గించాలి. ఇవేవీ చేయకుండా ఖరీదైన కట్టు వేస్తే డబ్బు దండగ. ఇవన్నీ చేసిన చోట మాత్రం, మంచి కట్టు ఆ శ్రమంతా వృథా కాకుండా నిలబెడుతుంది. గాజ్ గుడ్డ చవకే, కాదనలేం. కానీ ధరను ముక్కకింతని లెక్కగట్టడం తప్పు. మానిన పుండుకు ఎంతయిందో చూడాలి, అందులో బస్సు చార్జీ, పోయిన కూలి, విప్పిన ప్రతిసారీ పడిన నొప్పి కలపాలి. ఆ లెక్క వేసి ఏజెన్సీ ఆసుపత్రుల మందుల జాబితాలో ఇలాంటి కట్లకు చోటివ్వాలి. మద్ది చెట్టు నీడన బతికే మనిషికి ఆ చెట్టు మీది పోగు పనితనం అందడం న్యాయం.