ఎనిమిది పుటల కాలం: ‘మాస్టర్ రేస్’ చిత్రకథలో గళ్ళ నిర్మాణం

చిత్రకథను గురించి మన విమర్శలో ప్రస్తావన వచ్చినప్పుడు అది సాధారణంగా బాలసాహిత్య చర్చలో భాగంగానే వస్తుంది. కథ ఏమిటి, అందులోని నీతి ఏమిటి, బొమ్మలు ఎంత అందంగా ఉన్నాయి అన్న మూడు ప్రశ్నలతో ఆ చర్చ ముగుస్తుంది. 1967లో అనంత్ పాయ్ ప్రారంభించిన అమర చిత్రకథల ద్వారా ఈ ప్రక్రియతో పరిచయమైన పాఠకునికి ఇవి సహజమైన ప్రశ్నలే. ఆ పుస్తకాలలో అనేక సందర్భాలలో గడి పైభాగాన ఉన్న వాక్యం జరిగినదాన్ని చెబుతుంది, కింది బొమ్మ దానినే చూపుతుంది. రెండింటిలో ఏ ఒక్కటి లేకపోయినా కథ నడుస్తుంది. బొమ్మల అమరికను తొలగిస్తే కథే మిగలని చిత్రకథలు వేరే ఉన్నాయి. వాటిని పై మూడు ప్రశ్నలతో కొలవలేము. అటువంటి కథలలో నేను పదేపదే చదివినది ‘మాస్టర్ రేస్’. దాని నిడివి ఎనిమిది పుటలు మాత్రమే.

ఈ కథ 1955లో అమెరికాలో ఇ.సి. సంస్థ వెలువరించిన ‘ఇంపాక్ట్’ పత్రిక తొలి సంచికలో అచ్చయింది. రచన ఆల్ ఫెల్డ్‌స్టీన్‌ది, బొమ్మలు బెర్నార్డ్ క్రిగ్‌స్టీన్‌వి. అంతకు ముందు సంవత్సరమే ఫ్రెడరిక్ వెర్థమ్ అనే మానసిక వైద్యుడు కామిక్స్ పిల్లలను చెడగొడుతున్నాయని ఆరోపిస్తూ గ్రంథం ప్రకటించాడు. ప్రచురణకర్తలు భయపడి తమకు తామే ఒక నియమావళిని విధించుకున్నారు. బెల్సెన్ నిర్బంధ శిబిరం విముక్తమై అప్పటికి పదేళ్ళు. అమెరికాలో పది సెంట్లకు అమ్ముడయ్యే పత్రికలో ఆ శిబిరం కథావస్తువు కావడమే అరుదైన విషయం.

కథ తయారైన పద్ధతిని తెలుసుకోవడం ఇక్కడ అవసరం. ఇ.సి. సంస్థలో రచయిత ముందుగా పుటను గళ్ళుగా విభజించి వాక్యాలను నింపేవాడు. అక్షరాలు రాసి ఉన్న అట్టలు ఆ తరువాత చిత్రకారునికి చేరేవి. మిగిలిన జాగాలో బొమ్మ వేయడమే అతని పని. ఈ కథకు కేటాయించినవి ఆరు పుటలు. క్రిగ్‌స్టీన్ పన్నెండు అడిగాడు, చివరికి ఎనిమిది ఇచ్చారు. అతడు తనకందిన అట్టలను కత్తిరించి, వాక్యాలను విడదీసి, కొత్త గళ్ళలో తిరిగి అతికించుకున్నాడు. మాటల మీద అతనికి అధికారం లేదు. మాటకూ మాటకూ మధ్య ఉండవలసిన దూరం మీద మాత్రం ఆ విధంగా అధికారం సంపాదించాడు.

కథ చిన్నది. న్యూయార్క్ నగరంలో కార్ల్ రైస్‌మన్ అనే వ్యక్తి భూగర్భ రైలు ఎక్కుతాడు. నల్లని దుస్తులు ధరించిన మరొకడు అదే పెట్టెలోకి ప్రవేశిస్తాడు. అతణ్ణి చూడగానే రైస్‌మన్‌కు జర్మనీ గుర్తుకు వస్తుంది: హిట్లర్ అధికారానికి రావడం, పుస్తకాలను తగులబెట్టడం, బెల్సెన్ శిబిరం. ఈ భయపడుతున్నవాడు శిబిరం నుంచి బయటపడిన బాధితుడని పాఠకుడు అనుకుంటాడు. చివరకు తెలిసేది వేరు. రైస్‌మన్ ఆ శిబిరానికి అధికారి. అతడు రైలు దిగి పరుగెత్తుతూ జారి, ఎదురుగా వస్తున్న మరో రైలు కింద పడతాడు. అక్కడివారు అడిగినప్పుడు నల్లదుస్తుల వ్యక్తి తానతణ్ణి ఎన్నడూ చూడలేదని చెబుతాడు.

ఆకస్మికమైన ముగింపు ఆ సంస్థ కథలన్నింటికీ అలవాటైన చమత్కారమే. ఒక్కసారి తెలిసిన తరువాత చమత్కారానికి విలువ ఉండదు. అయినా ఈ కథను రెండవసారి చదవవచ్చు, పదవసారి చదవవచ్చు. దీనికి మొదటి కారణం కథనంలోని మధ్యమ పురుష. కథకుడు రైస్‌మన్‌ను నేరుగా సంబోధిస్తూ కథ చెబుతాడు. మొదటి పఠనంలో ఓదార్పుగా వినిపించిన వాక్యాలే రెండవ పఠనంలో అభియోగపత్రంగా మారుతాయి. అక్షరం మారకుండా అర్థం తిరగబడుతుంది. తెలుగులో ఇది అంత సులభంగా సాధ్యం కాదు. ఇంగ్లీషు సర్వనామం గౌరవాన్నిగాని నిరాదరణనుగాని వెల్లడించదు. మనకు మాత్రం ‘నువ్వు’, ‘మీరు’లలో ఒకదాన్ని ఎంచుకోక తప్పదు. వయసు మళ్ళిన బాధితుణ్ణి మొదటి పుటలోనే ‘నువ్వు’ అని పిలిస్తే పాఠకునికి అనుమానం కలుగుతుంది. ‘మీరు’ అని పిలిస్తే చివరి పుటలో హంతకునికి గౌరవం దక్కుతుంది. శీర్షికలోని శ్లేష సంగతి చెప్పనవసరం లేదు. ఇంగ్లీషులో ‘రేస్’ అంటే జాతి, పరుగు కూడా.

రెండవ కారణం, నా దృష్టిలో ప్రధానమైనది, చివరి భాగంలోని గళ్ళు. రైస్‌మన్ జారిపడే క్షణాన్ని మరొక చిత్రకారుడైతే ఒకే పెద్ద గడిలో, నోరు తెరిచిన ముఖంతో చూపి ఉండేవాడు. క్రిగ్‌స్టీన్ దాన్ని సన్నని నిలువు గళ్ళుగా చీల్చాడు. ఒక్కొక్క గడిలో దేహం కొద్దికొద్దిగా ఒరుగుతుంది. అర సెకను కాలం పుటలో అంత స్థలాన్ని ఆక్రమించేసరికి కన్ను ఒక గడి నుంచి మరొక గడికి ఆగి ఆగి నడవవలసి వస్తుంది. రైలు దూసుకుపోయే గడిలో ఇందుకు విరుద్ధమైన పని జరుగుతుంది. కిటికీలలోని ప్రయాణికుల ముఖాలు ఒకదాని పక్కన ఒకటిగా పునరావృతమవుతాయి, అనేక క్షణాలు ఒకే గడిలో ఇరుకుతాయి. పడేవాని కాలం సాగింది, రైలు కాలం కుదించుకుపోయింది. రెండు కాలాలు ఢీకొన్న చోటే చావు ఉంది. రక్తం చూపవలసిన అవసరం కలగలేదు.

గడికీ గడికీ మధ్య ఖాళీలో జరిగేదాన్ని పాఠకుడే పూరించుకుంటాడని స్కాట్ మెక్‌క్లౌడ్ 1993లో సిద్ధాంతీకరించాడు. దీనిని ధ్వని అని పిలవాలన్న ఉత్సాహం మనవారికి కలుగుతుంది గాని తొందర కూడదు. ఆనందవర్ధనుడు చెప్పిన ధ్వనికి శబ్దార్థాలు ఆధారం. ఇక్కడ ఆధారం కొలత. గడి వెడల్పు మారితే అనుభవం మారుతుంది.

ఇంత చెప్పిన తరువాత కూడా ఒక అభ్యంతరం మిగిలే ఉంది. కథలో చనిపోయిన లక్షలమందికి పేరు లేదు, గొంతు లేదు. వారందరూ హంతకుని జ్ఞాపకంలో ఒక గుంపుగా మాత్రమే కనిపిస్తారు. భయం అతనిది, జ్ఞాపకం అతనిది, అద్భుతంగా చిత్రితమైన మరణం కూడా అతనిదే. నల్లదుస్తుల వ్యక్తి నిజంగా బాధితుడా, దారినపోయే ప్రయాణికుడా అన్నది తేలకపోవడం కథకు మేలు చేసింది, తేల్చి ఉంటే ఇది కేవలం పగ తీర్చుకునే కథ అయ్యేది. కాని ఆ మేలు కూడా బాధితునికి ఉండవలసిన ముఖాన్ని ఖాళీగా ఉంచడం ద్వారానే కలిగింది.

ఈ లోటును గుర్తించినవారిలో ఆర్ట్ స్పీగెల్‌మన్ ఉన్నాడని ఊహించడానికి ఆధారం అతని కృతిలోనే ఉంది. మరో ఇద్దరితో కలిసి 1975లో ‘మాస్టర్ రేస్’ మీద సుదీర్ఘమైన విశ్లేషణ ప్రకటించినవాడు అతడు. ఆ తరువాత 1986, 1991లలో రెండు సంపుటాలుగా వెలువడి, 1992లో ప్రత్యేక పులిట్జర్ పురస్కారం పొందిన ‘మౌస్’లో అతడు తన తండ్రి వ్లాడెక్ చేత ఆష్విట్జ్ అనుభవాన్ని చెప్పించాడు. యూదులను ఎలుకలుగా, జర్మన్లను పిల్లులుగా చిత్రించిన విషయాన్నే అందరూ ప్రస్తావిస్తారు. నాకు అంతకంటే విలువైనదిగా తోచేది రెండవ సంపుటంలోని చిన్న ఘట్టం. ఖైదీలు పనికి నడిచి వెళుతుంటే వాద్యబృందం వాయించేదట కదా అని కొడుకు అడుగుతాడు. ఆ గడిలో వాద్యకారులు స్పష్టంగా కనిపిస్తారు. తనకు నడక మాత్రమే గుర్తుంది, వాద్యబృందం ఏదీ లేదని తండ్రి అంటాడు. తరువాతి గడిలో నడిచే ఖైదీల వరుస వాద్యకారులను కమ్మేస్తుంది. అయితే తలల వెనుక వాద్యాల కొసలు కనిపిస్తూనే ఉంటాయి. తండ్రి మాటను కొడుకు కాదనలేదు, గ్రంథాలలో నమోదైనదాన్ని వదులుకోనూ లేదు. సాక్షి జ్ఞాపకానికీ చరిత్రకూ మధ్య ఉన్న వివాదాన్ని ఒక్క వ్యాఖ్యా లేకుండా రెండు గళ్ళలో నిలబెట్టాడు. క్రిగ్‌స్టీన్ గళ్ళు హంతకుని చివరి అర సెకనును కొలిచాయి. ఇక్కడ అదే పరికరం, ఒక ముసలివాడు చూడలేకపోయిన దానికి అతని మాట పక్కనే చోటు కల్పించింది.