కొండెక్కే అంబాసిడర్‌కు ఏ ఫ్యాన్?

శృంగవరపుకోట దాటి బొడ్డవర, కాశీపట్నం మీదుగా అరకు దారి పట్టిన పాత కారుకు అసలు పరీక్ష ఘాట్‌లో మొదలవుతుంది. డముకు, అనంతగిరి, గాలికొండ దాకా మలుపు మీద మలుపు. సెకండ్ గేరులో ఇంజన్ బలమంతా పెట్టి లాగుతుంటుంది గానీ బండి మాత్రం నెమ్మదిగానే కదులుతుంది. వేగం లేదు కాబట్టి ఎదురుగాలీ లేదు. రేడియేటర్‌కు అందే గాలంతా ఫ్యాన్ లాగి ఇవ్వాల్సిందే. పైగా ఎత్తు పెరిగేకొద్దీ నీళ్లు తొందరగా మరుగుతాయి, సుమారు 300 మీటర్లకు ఒక డిగ్రీ చొప్పున. రోడ్డు వెయ్యి మీటర్లు దాటేచోట 97 డిగ్రీలకే తెర్లుతాయి. రేడియేటర్ మూత ఒత్తిడిని నిలబెడితేనే ఆ హద్దు పైకి జరుగుతుంది. మూత వాషర్ అరిగిందంటే మంచి ఫ్యాన్ ఉన్నా ఆవిరి తప్పదు.

పాత అంబాసిడర్‌ను, ప్రీమియర్ పద్మినిని ప్రాణంగా చూసుకునేవాళ్లలో చాలామందికి బెల్ట్ ఫ్యాన్ తీసేసి కరెంటు ఫ్యాన్ పెట్టించాలా అన్న ఆలోచన వస్తుంది. నా మాట ముందే చెప్తాను. ఈ కొండ ఎక్కే బండికి బెల్ట్ ఫ్యానే ఉంచండి.

1950ల చివర్లో మొదలై 2014 మే దాకా ఉత్తరపారాలో తయారైన అంబాసిడర్‌కు బ్రిటిష్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూలం. దాని 1489 సీసీ పెట్రోల్ ఇంజన్‌లో ఫ్యాన్ వాటర్ పంప్ కప్పీ మీదే కూర్చుంటుంది. ఒకే బెల్ట్ పంపునీ, ఫ్యాన్‌నీ, డైనమోనూ తిప్పుతుంది. ఘాట్‌లో చిన్న గేరు వేయగానే ఇంజన్ చుట్లు పెరుగుతాయి, ఫ్యాన్ చుట్లూ పెరుగుతాయి. వేడి ఎక్కువ పుట్టే ఆ సమయానికే గాలీ ఎక్కువవుతుంది. దీనికి స్విచ్ అక్కర్లేదు, రిలే అక్కర్లేదు. చీకట్లో, వానలో, ఏ మలుపులోనైనా బెల్ట్ ఉన్నంతసేపూ ఫ్యాన్ తిరుగుతుంది. ఈ ఏర్పాటు మీద నాకున్న గౌరవం ఇందుకే.

లోపం లేదనను. ఫ్యాన్ చుట్లు రెట్టింపైతే అది తినే శక్తి ఎనిమిది రెట్లవుతుంది. విజయనగరం వైపు మైదానం రోడ్డు మీద వేగంగా పోయేటప్పుడు ఎదురుగాలే సరిపోతుంది, ఫ్యాన్ ఊరికే పెట్రోల్ తాగుతుంది. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు దీనికి విరుద్ధంగా, గాలి కావాల్సిన సమయానికే నీరసంగా తిరుగుతుంది. కరెంటు ఫ్యాన్ గెలిచేది ఈ రెండు చోట్లే. మారుతీ 800లో ఇంజన్ అడ్డంగా ఉంటుంది, క్రాంక్ ముందు చివర రేడియేటర్ వైపు తిరిగి ఉండదు. కాబట్టి అక్కడ కరెంటు ఫ్యానే సహజం.

పాత బండికి దాన్ని తగిలిస్తే మొదటి చిక్కు కరెంటుతోనే. ఆ కాలపు డైనమో ఇచ్చేది 20 ఆంపియర్లకు అటూ ఇటూ. ఫ్యాన్ ఒక్కటే 10 నుంచి 15 ఆంపియర్లు లాగుతుంది. గాలికొండ మంచులో హెడ్‌లైట్లకు ఏడెనిమిది, ఆపైన వైపర్. ఇక బ్యాటరీ ఖాళీ అవుతూనే ఉంటుంది. ఇంజన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు డైనమో ఇచ్చేది దాదాపు సున్నా, ఫ్యాన్ అవసరం ఎక్కువగా ఉండేదీ అప్పుడే. కాబట్టి ఆల్టర్నేటర్ వేయించకుండా కరెంటు ఫ్యాన్ మాట ఎత్తకండి. వేయిస్తే రిలే, ఫ్యూజు, మందపు వైరు తప్పనిసరి. ఫ్యాన్ రేడియేటర్ వెనక ఉండి గాలిని లాగాలి, ముందు పెడితే వచ్చే గాలికి అడ్డం. ప్లాస్టిక్ పిన్నులు రేడియేటర్ రెక్కల్లోంచి దూర్చి బిగిస్తే ఆ రాపిడికి గొట్టాలు కారతాయి, విడిగా ఫ్రేమ్ చేయించాలి. థర్మోస్టాట్ 82 డిగ్రీలకు తెరుచుకునేదైతే ఫ్యాన్ స్విచ్ అంతకు పైన, 90 దగ్గర ఆన్ అయ్యేలా చూడాలి. లేదంటే ఫ్యాన్ ఆగనే ఆగదు. ఇంకో సంగతి, బెల్ట్ తెగితే వాటర్ పంపూ ఆగుతుంది. అప్పుడు కరెంటు ఫ్యాన్ ఎంత తిరిగినా ఇంజన్‌ను కాపాడలేదు.

బెల్ట్ ఫ్యాన్ బలం పెంచే అసలు కిటుకు ఫ్యాన్ కౌల్. ఫ్యాన్ చుట్టూ రేకు తొడుగు లేకపోతే రెక్కల చివర్ల నుంచి వేడిగాలే వెనక్కి తిరిగి మళ్లీ ఫ్యాన్‌లోకి వస్తుంది. రేడియేటర్‌లో మధ్యభాగమే చల్లబడుతుంది. రెక్కలు సగం తొడుగు లోపల, సగం బయట ఉండాలి. రెక్క చివరకూ తొడుగుకూ మధ్య ఖాళీ అంగుళం మించకూడదు. ఇంజన్ అదిరినా తగలకూడదు. కొలతలిస్తే రేకు పనివాళ్లు చేసిస్తారు. కరెంటు ఫ్యాన్, ఆల్టర్నేటర్ ఖర్చుతో పోలిస్తే ఇది చాలా తక్కువ.

అంతకంటే ముందు రేడియేటర్ విప్పించి గొట్టాల్లో గడ్డకట్టిన సున్నం తీయించాలి. బోరునీళ్లు మానేసి కూలెంట్ పోయించాలి. బెల్ట్‌ను బొటనవేలితో నొక్కితే అర అంగుళం దిగాలి. ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి జరిగినా ఇంజన్ కాగిపోతుంది. ఈ పనులు చేయకుండా ఫ్యాన్ మార్చిన బండి మళ్లీ ఘాట్‌లోనే నిలబడుతుంది.

మలుపులో బస్సు అడ్డమై ఆగాల్సి వస్తే గేరు న్యూట్రల్‌లో పెట్టి యాక్సిలరేటర్‌ను కొంచెం తొక్కి ఉంచండి, పంపూ ఫ్యానూ రెండూ పుంజుకుంటాయి. టెంపరేచర్ ముల్లు ఎరుపు వైపు జరిగిందని వెంటనే ఇంజన్ ఆపేయకండి, ఆపితే నీటి ప్రవాహమూ ఆగిపోతుంది. వేడిగా ఉన్న మూత మాత్రం తెరవకండి.

విశాఖ నగరంలోనే తిరుగుతూ ఆల్టర్నేటర్ ఉన్న బండికి కరెంటు ఫ్యాన్ పెట్టించుకోండి, తప్పులేదు. శృంగవరపుకోట నుంచి కొండెక్కే బండికి మాత్రం కంపెనీ బిగించిన ఫ్యాన్ ఉంచి, దానికి మంచి కౌల్ వేయించండి. తీసేసిన పాత ఫ్యాన్ ఇంట్లో ఉంటే తుక్కుకు అమ్మకండి, అసలైనవి దొరకడం రోజురోజుకూ కష్టమవుతోంది.